కృతజ్ఞతల సీసా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కృతజ్ఞతల సీసా గారికి,

ఉభయకుశలోపరి. మూడు నెలల క్రితం వరకు తమరు ఆవకాయ సీసా. ఎంత కడిగినా మూత దగ్గర ఆవపిండి ఘాటు ఇంకా పోలేదు. అలాంటి మీకు మా ఆవిడ రిబ్బను కట్టి, మెడలో అట్టముక్క తగిలించి, ఫ్రిజ్ మీద కూర్చోబెట్టి, రెండో తరగతి చదివే మా వాడికి సంస్కారం నేర్పే ఉద్యోగం ఇచ్చింది. రోజూ పడుకునే ముందు వాడు ఎవరికో ఒకరికి ధన్యవాదాలు చెబుతూ చీటీ రాసి మీలో వేయాలి. ఆదివారం టిఫిన్ల దగ్గర అందరం కలిసి చదవాలి. ఇదీ ఒప్పందం.

మొదటి వారం వాడు పెన్సిలు కొరకడంతోనే సరిపోయింది. మీ పరువు నిలబెట్టడానికి రెండో వారం నేను చీటీకో చాక్లెట్ ప్రకటించాను. ఆ ఆదివారం మీ కడుపులోంచి పదకొండు చీటీలు రాలాయి. "కుడి చెప్పుకు థాంక్స్." "ఎడమ చెప్పుకు థాంక్స్." "కుడి సాక్సుకు..." అక్కడ ఆపించాను. "ఈ రోజు కాకరకాయ వండనందుకు అమ్మకు థాంక్స్" ఒక్కటే మనస్ఫూర్తిగా రాసినట్టుంది. పెన్సిలు అంత గట్టిగా నొక్కాడు, అక్షరాలు కాగితం వెనక్కి తేలాయి.

వాడి తప్పేమీ లేదు. వార్నెకెన్, టొమసెల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. చేతికి అందని వస్తువును పెద్దవాళ్లకు తెచ్చి ఇచ్చే 20 నెలల పసివాళ్లలో, ఇచ్చినప్పుడల్లా బహుమతి పుచ్చుకున్నవాళ్లు తర్వాత ఊరికే సాయం చేయడం తగ్గించారు. ఏమీ పుచ్చుకోనివాళ్లు చేస్తూనే పోయారు. రెండేళ్లు నిండకముందే ఉన్న గుణాన్ని ఏడేళ్లకు చాక్లెట్ పెట్టి చెడగొట్టిన ఘనత నాది. మీ వంశానికి పెద్దదిక్కు లాంటి ఎమ్మన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కృతజ్ఞత మీద 2003లో ప్రచురించిన పరిశోధనలోనూ, మొదటి ప్రయోగంలో కాలేజీ విద్యార్థుల చేత వారానికోసారి మాత్రమే రాయించారు. మేము ఏడేళ్లవాడిని రోజూ పిండుతున్నాం.

అసలు మా ఇళ్లలో ఈ ధన్యవాదాలు ఎక్కడివి? మా నాన్న ఆ మాట అన్నది ఒక్కసారే, పదవీ విరమణ సభలో, అదీ కాగితం చూసి. మా నాయనమ్మ ఒక్కసారి కూడా అనలేదు. కొత్త పంట రాగానే వరికంకులు కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం వసారా దూలానికి వేలాడదీసేది. ఎండలో వచ్చిన పోస్టుమన్‌కు ముందు మజ్జిగ, ఆ తర్వాతే ఉత్తరం. నేను చూస్తూ పెరిగాను.

రాస్తుంటే నాకే ముచ్చటగా ఉంది. కానీ పోస్టుమన్‌కు ఇత్తడి గ్లాసులో ఇచ్చిన ఆ మజ్జిగనే పాలేరుకు దోసిలి పట్టమని పైనుంచి పోసేది. అదీ చూస్తూనే పెరిగాను.

ఇక విన్నపానికి వస్తాను. శనివారం రాత్రి అందరూ పడుకున్నాక చీటీలు ముందుగా ఒకసారి చూసుకోవడం నా అలవాటు. ఈ సంగతి మీకు తెలుసు, మా ఆవిడకు తెలియదు. మొన్న ఒకటి ఇలా ఉంది: "పిడి విరిగిన కప్పుకు థాంక్స్. ఆంటీ చెయ్యి కాలింది కానీ టీ ఒలకలేదు."

ఆంటీ అంటే మా ఇంట్లో పనికి వచ్చే ఆమె. ఆ కప్పు వంటగది కిటికీలో, గిన్నెలు తోమే సబ్బు పక్కన ఉంటుంది. ఇంట్లో మరెవరూ దాంట్లో తాగరు. అద్దాల అలమరలో ఆరు కప్పుల సెట్టు ఉంది. ఆరింటికీ పిడులున్నాయి. ఎవరైనా పెద్ద మనుషులు వస్తే దించుదామని నాలుగేళ్లుగా చూస్తున్నాం. నెలకోసారి వాటి దుమ్ము తుడిచి మళ్లీ వరసగా పేర్చేది ఆమే.

ఆ చీటీకి వాడు చాక్లెట్ అడగలేదు.

ఆదివారం అది బయటికి రాలేదు. నా పర్సులో, మందుల చీటీ వెనక ఉంది. "నేను ఇంకొకటి రాశానే!" అంటూ వాడు మీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. మూతకు అంటుకుందేమో అన్నాను. వాడు మూత కూడా చూశాడు.

వాడు మళ్లీ అడిగితే తమరు ఇప్పటిలాగే మౌనంగా ఉండిపోవాలని ప్రార్థన. వేసవిలో మా అమ్మ ఆవకాయ పంపుతానంటోంది. మీ పాత ఉద్యోగం మీకు ఇప్పించే పూచీ నాది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇంటి యజమాని