అటక మీది సోషల్ గైడు గారికి

గౌరవనీయులైన గైడు గారికి నమస్కారాలు.

అటక దులుపుతుంటే దొరికారు. అట్ట లేదు, మొదటి పేజీలు చెదలు తినేశాయి, అయినా ఠీవి తగ్గలేదు. చరిత్ర మనిషికి బతకడం నేర్పుతుందని మా మాస్టారు అనేవారు. పాపం, ఆయన ఏడాదంతా చెప్పింది మీరు ఒక్క రాత్రిలో తేల్చేసేవారు. ఇంపార్టెంట్ వాటికి చుక్కలు పెట్టి మరీ.

ధవళేశ్వరం ఆనకట్ట ఉందా? 1847లో మొదలు, 1852లో పూర్తి, కట్టించింది కాటన్ దొర. మూడు బిట్లు, మూడు మార్కులు. మా కోనసీమలో నేను రోజూ మునకలేసే కాలువలోవి ఆ నీళ్లేనని మీరు చెప్పలేదు. మంచిపని చేశారు. చెప్పుంటే గట్టున కూర్చుని ఆలోచనలో పడేవాణ్ణి.

మీ రుణం తీరనిది మాత్రం వీరేశలింగం పంతులు గారి దగ్గర. ఆ రోజు అక్క పెళ్లికి పసుపు కొడుతున్నారు. నేను అరుగు మీద ఊగుతూ "1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం" అని బట్టీ పడుతున్నాను. అక్కని ఎత్తుకుని పెంచింది మా మేనత్త. ఇరవై రెండేళ్లకే మామయ్య పోయాడు. రోలు చుట్టూ ముత్తయిదువులు చేరేసరికి, ఎవరూ పొమ్మనకుండానే ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లి కొబ్బరి కోరుతూ కూర్చుంది. రోకటి పోటు వినపడినప్పుడల్లా చెయ్యి ఆగేది. నేను చూశాను. చూసి, పేజీ తిప్పాను. క్వార్టర్లీలో ఆ ప్రశ్నకి పదికి తొమ్మిది వచ్చాయి. ఆ ఒక్కటీ దస్తూరికి పోయిందట.

వచ్చే నెల మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్. మొదటి అక్షింతలు అత్త చేత వేయించాలని నాకుంది. అక్క సరేనంది. పెదనాన్న వాళ్లు ఏమంటారోనని ఒకటే టెన్షన్. అత్తనడిగితే "నాకెందుకురా ఇవన్నీ, మోకాళ్ల నొప్పులతో చస్తుంటే" అంది.

అందుకే మీ దగ్గరికొచ్చాను. పంతులు గారు ఇంట్లోవాళ్లకి ఏం చెప్పుకున్నారు, తిట్టినవాళ్ల ఎదుట ఎలా నిలబడ్డారు అని వెతికాను. ఆరు పాయింట్లున్నాయి, ఒక్కటీ పనికి రాలేదు. మార్జిన్‌లో మాత్రం పెన్సిల్‌తో నా చేతిరాత ఉంది: "వెరీ ఇంపార్టెంట్. పోయినేడు రాలేదు. ఈ ఏడు తప్పక వస్తుంది."

ఇట్లు,
తమ విధేయ విద్యార్థి