డిక్టేషన్‌లో "సన్" అంటే ఏ సన్?

ఇప్పుడే పాప డిక్టేషన్ నోట్‌బుక్ చూశాను. ఒళ్ళు మండిపోతోంది.

ఐదో క్లాసు పిల్ల. ఇరవై మాటల్లో పంతొమ్మిది కరెక్టు. ఇరవయ్యోది "సన్". పాప ఎస్-యు-ఎన్ అని రాసింది. దాని మీద అవతలి పేజీకి అచ్చు దిగేంత గట్టిగా ఎర్ర పెన్నుతో ఇంటూ. పక్కన ఎస్-ఓ-ఎన్, కింద "యాభై సార్లు రాయి". "మేడమ్ ముందూ వెనకా ఏమైనా చెప్పిందా తల్లీ?" అని అడిగితే "లేదు నాన్నా, ఉత్తి సన్ అనే అంది" అంటోంది. మరి ఆకాశంలో సూర్యుడో, ఇంట్లో కొడుకో దానికెలా తెలుస్తుంది? తెలుగులో రాసి చూడండి. సన్, సన్. తేడా ఉంటే చూపించండి. "మై సన్ ఈజ్ టెన్" అని ఒక్క వాక్యం చెబితే ఏం పోయింది?

అసలు పాత ఇంగ్లిషులో కొడుకుని కూడా యు తోనే రాసేవాళ్ళు, ఎస్-యు-ఎన్-యు అని. దశరథసూనుడు అంటామే, ఆ సూనుడికి చుట్టం ఆ మాట. చేతిరాత రోజుల్లో యు, ఎన్ పక్కపక్కన పడితే అన్నీ నిలువు గీతల్లా కలిసిపోతున్నాయని రాతగాళ్ళు యు తీసేసి ఓ పెట్టారు. మాంసం మీట్, కలుసుకోవడం మీట్ కూడా ఒకప్పుడు వేరువేరుగానే పలికేవాళ్ళు. తర్వాత పలకడం మారింది, స్పెల్లింగు మాత్రం అచ్చులో అలాగే ఉండిపోయింది. ఆ దేశం రాతగాళ్ళ తిప్పలకి నా కూతురు వేళ్ళు నొప్పి పుట్టేలా రాయాలా?

అదే స్కూలు జూన్‌లో ఇచ్చిన రసీదు బీరువాలోంచి తీశాను. "బుక్స్ అండ్ స్టేషనరీ, 6,500". పెన్నులు, కాగితాలైతే చివర ఇ-ఆర్-వై ఉండాలి. వాళ్ళు అచ్చేయించింది ఎ-ఆర్-వై. అంటే కదలకుండా నిలబడి ఉన్నది అని. దీనికి ఇంటూ ఎవరు పెట్టాలి?

నాకిది కొత్త కాదు. తెలుగు మీడియంలో చదివి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, మెయిల్‌లో నియమం అనే అర్థంలో ప్రిన్సిపల్ అన్న మాట చివర ఎల్-ఇ రాయాల్సిన చోట ఎ-ఎల్ రాశాను. మేనేజర్ నలుగురి ముందూ అది పైకి చదివి "తెలుగు మీడియమా?" అన్నాడు. అన్నం సహించలేదు ఆ పూట. అదే మనిషి రోజూ సాయంత్రం "నా కల్లు మండుతున్నాయి" అనేవాడు. కళ్ళకీ కల్లుకీ తేడా తెలియకపోయినా ఆయన్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అమ్మభాషలో తప్పు పలికినవాడు పెద్దమనిషి, పరాయి భాషలో ఒక్క అక్షరం తప్పితే తలవంపులా?

పాప ఇరవై రెండోసారి రాస్తోంది. పుస్తకం లాక్కున్నాను. మిగతా ఇరవై ఎనిమిదీ రాయనివ్వను. రేపు పొద్దున ప్రేయర్ బెల్ కొట్టేలోపే ఈ నోట్‌బుక్కూ, ఆ రసీదూ పట్టుకుని వెళ్తున్నాను.