సవరణ: 18 దాటిన పిల్లలకు గార్డియన్ ఎవరు?

మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లలకు అమ్మానాన్నలే జీవితాంతం గార్డియన్లు, విడిగా కాగితాలేవీ అక్కర్లేదని మొన్న రాశాను. తప్పు. అది 18 నిండేవరకే. ఆ తర్వాత 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది.

నాకు బ్యాంకు కౌంటర్ దగ్గర తెలిసొచ్చింది. మావాడు నా కొంగు వేలికి చుట్టుకుని నిలబడ్డాడు, మీసాలొచ్చినా ఆ అలవాటు పోలేదు. "మేజరయ్యాడు కదమ్మా, ఆర్డర్ కాపీ ఏదీ?" అన్నాడు అవతలి అబ్బాయి. అతన్ని అనడానికేం లేదు.

ఇంకోటి కూడా వదిలేశాను. గార్డియన్‌గా నియమించాక ఆరు నెలల్లోపు పిల్లల ఆస్తి వివరాలు, ఆపైన ఏటా జమాఖర్చులు కమిటీకి అప్పజెప్పాలి.