బ్యాంజోకి ఎనిమిది నిమిషాలు

అమెరికాలోని నార్త్ కరోలినాలో మన తెలుగువాళ్లు చేసుకున్న మొన్నటి ఉగాదికి, స్థానిక కళాకారులంటూ పిలిచిన బ్యాంజో బృందానికి మనవాళ్లు వదిలింది ఎనిమిది నిమిషాలు. శాలువాలు ఎప్పట్లాగే ఆలస్యమయ్యాయి, కోత వాళ్ల మీద పడింది. అంతకన్నా గుచ్చుకున్నది పరిచయం: "తెల్లవాళ్ల జానపదం." బ్యాంజో అనే ఆ తీగ వాద్యం పట్టుకుని పక్కనే నిలబడినాయన నల్లజాతివాడు!

కరీబియన్ దీవుల్లో, వర్జీనియా తోటల్లో ఆఫ్రికన్ బానిసలు సొరబుర్రకి తోలు బిగించి చేసుకున్న వాద్యం బ్యాంజో. పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా, సెనెగల్ ప్రాంతపు జోలా జాతివాళ్ల అకోంటింగ్ అనే వాద్యం దానికి దగ్గర చుట్టం. రెండిట్లోనూ ఒక పొట్టి తీగ ఉంటుంది. పాతకాలపు వాయింపులో గోరు పైనుంచి కిందికి తీగను కొడుతుంది, వెంటనే బొటనవేలు ఆ పొట్టి తీగను మీటుతుంది. మన తంబూరాలాగే శ్రుతి ఒకటే మోగుతుంటుంది. 1830ల్లో జోయెల్ స్వీనీ లాంటి తెల్లవాళ్లు దీన్ని నల్లవాళ్ల దగ్గరే నేర్చి, నల్లవాళ్లని అనుకరిస్తూ ముఖాలకి మసి పూసుకుని వేదికలెక్కారు. 1920ల్లో రికార్డు కంపెనీలు నల్లవారి పాటల్ని ఒక కేటలాగులో, కొండ ప్రాంతపు తెల్లవారివి ఇంకో కేటలాగులో వేశాయి. ఊళ్లో మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు. తెల్లజాతి జానపద గాయకుడు ఎ.పి. కార్టర్ పాటలు ఏరుతూ తిరిగితే, వరసలు గుర్తుపెట్టుకున్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. బ్యాంజో, ఫిడేలు, మేండలిన్‌లతో సాగే బ్లూగ్రాస్ సంగీతానికి ఆద్యుడైన తెల్లజాతి బిల్ మన్రో కూడా ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి సంగీతకారుడి రుణం ఒప్పుకున్నాడు. ఇక్కడి ర్యాలీ, క్యారీ ఊళ్లలో తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నాం. గంటలోపు దూరంలోని మెబేన్‌లో 2012 దాకా బతికిన నల్లజాతి ఫిడేలు పెద్దాయన జో థామ్సన్ పేరు ఎందరికి తెలుసు? మేండలిన్‌ని కర్ణాటక కచేరీకి తెచ్చిన పాలకొల్లు శ్రీనివాస్‌ని చూసి మురిసేవాళ్లం కదా, వాద్యాలు చేతులు మారడం మనకి కొత్త కాదు.

కమిటీవాళ్లదీ తప్పనలేను. పిల్లల డ్యాన్సులు తగ్గిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు, భోజనాలు ఆగవు. అయినా బుర్రకథ దళం వచ్చినా మనం చేసేది ఇదే: "రెండు ముక్కలు చెప్పి ముగించండి."

సౌండు సంగతి మరీ అన్యాయం. డీజేకి పెట్టిన బేస్, ఎకో అలాగే ఉంచారు. బ్యాంజో నాదం క్షణంలో ఆరిపోతుంది. ఎకో పెడితే ఒక దెబ్బ మీద ఇంకోటి పడి డబ్బా మోతవుతుంది. తోలు మూతైతే గాలిలో తేమకి వదులై, తీగల్ని మోసే గుర్రం (బ్రిడ్జి) దిగి, తీగలు మెట్లకి తగిలి జరజరమంటాయి. వేదిక లైట్ల వేడికి బిగిసి శ్రుతి పైకెక్కుతుంది. అందుకే అరగంట ముందే ఆ హాల్లోనే, ఆ లైట్ల కిందే శ్రుతి చేసుకోనివ్వాలి. అందరికీ కలిపి ఛాతీ ఎత్తులో చుట్టూ ఉన్న శబ్దాన్ని సున్నితంగా పట్టే కండెన్సర్ మైకు ఒకటి చాలు. ఎవరి వంతు వస్తే వాళ్లు ముందుకొస్తారు. వేదిక మీద కళాకారుల వైపు పెట్టే మానిటర్ స్పీకర్లు ఆపకపోతే మైకు కీచుమంటుంది.

సంక్రాంతి కమిటీకి నా విన్నపం: ఈ బ్యాంజో బృందానికి ముప్పై నిమిషాలు ఇవ్వండి, సినిమా పాటలకి ముందే. పరిచయం ఎలా చెయ్యాలో వాళ్లనే అడిగి రాసుకోండి. డీజేకి ఎంతిస్తున్నారో అంతే ఇవ్వండి, చెక్కు ఆ రాత్రే చేతిలో పెట్టండి.