మందు లేదని పేరు కూడా వద్దా?

పాదాలు మొద్దుబారాయని చెబితే డాక్టర్లు మొదట అడిగేది షుగర్ గురించే. తప్పు లేదు, ఎక్కువ మందిలో కారణం అదే. చిక్కల్లా షుగర్ లేదని తేలాకే. బీ12 మాత్రలు రాసి, నరాలు బలహీనంగా ఉన్నాయని చెప్పి పంపేస్తారు. ఎదురుగా కూర్చున్న కుర్రాడి పిక్కలు సన్నబడి, పాదం మధ్యభాగం బాగా పైకి లేచి ఉన్నా, తోడొచ్చిన తండ్రి కాళ్లూ అలాగే ఉన్నా, సాక్సు విప్పించి చూసేవారు తక్కువ. ఇంట్లోవాళ్లయితే ఎప్పుడో తేల్చేసుకుని ఉంటారు: "మా వంశంలో అందరి నడకా ఇంతే."

ఆ నడక వెనక చాలాసార్లు షార్కో-మారీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు ఉంటుంది. 1886లో దాన్ని వర్ణించిన ముగ్గురు వైద్యుల పేర్లవి; క్లుప్తంగా సీఎంటీ. జన్యులోపం వల్ల నరాలు గానీ, వాటి పైపొర గానీ దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలవి కనుక నష్టం అక్కడ మొదలై, ఏళ్ల మీద చేతులకు వస్తుంది. రెండున్నర వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 2011 లెక్కల్లోనే మూడు లక్షలకు చేరువైన తిరుపతిలో ఆ ప్రకారం వంద మందికి పైగా ఉండాలి.

నయం చేసే మందు లేనప్పుడు పేరు తెలిసి ఏం లాభమని రోగులే కాదు, కొందరు డాక్టర్లూ అంటారు. ఇది వివేకంలా కనిపించే నిర్లక్ష్యం. సీఎంటీ ఉందని తెలియని మనిషికి రేపు రక్త క్యాన్సర్ వస్తే విన్‌క్రిస్టీన్ ఎక్కించే ప్రమాదం ఉంది. ఆ మందు ఇలాంటి నరాలను వారాల్లోనే కుప్పకూల్చగలదు. ఇంకొందరికి నరాల వాపు అనుకుని ఇమ్యునోగ్లోబులిన్ అనే ఖరీదైన మందు ఎక్కిస్తారు, ఫలితం ఉండదు.

బతుకు ఎలా ఉంటుందంటే, చెప్పు జారిపోయిన సంగతి కాలికి తెలియదు. బస్సెక్కాక కిందినుంచి ఎవరో కేకేస్తేనే తెలుస్తుంది. చొక్కా గుండీ, పిన్నీసు, చీర కుచ్చిళ్లు, చిల్లర లెక్కపెట్టడం, అన్నీ వేళ్లకు పెద్ద పనులే. పాదం ముందుభాగం వేలాడుతుంటే దానికి స్ప్లింటు ఇస్తారు. పిక్క వెనక నుంచి అరికాలి దాకా వచ్చే ఆ ప్లాస్టిక్ పట్టీ బూటులో ఇమిడితేనే సరిగా పనిచేస్తుంది.

మనదేమో గుడి ఊరు. బూటు విప్పితే స్ప్లింటూ విప్పాల్సిందే. స్ప్లింటు ఒక్కటే ఉంచుకుంటే నున్నటి రాతి మీద జారుతుంది. వేసవిలో తిరుమల మాడవీధుల్లో చలువ రంగు వేస్తారు, తివాచీలు పరుస్తారు. కాళ్లు కాలేవాళ్లు వాటి మీదికి పరుగెత్తుతారు. వేడే తెలియని కాలు ఎండలోనే నింపాదిగా నడుస్తుంది. బొబ్బ సంగతి గదికి వెళ్లాక దుప్పటి మీది తడిని చూస్తే గానీ బయటపడదు. ఇక అలిపిరి నుంచి 3,550 మెట్ల మొక్కంటే, బొటనవేలు ఎన్ని అంచులకు తగలాలో! పోలియో శస్త్రచికిత్సలకు పేరుపడ్డ బర్డ్ ఆసుపత్రి టీటీడీదే. గుడిలో మాత్రమే వాడే, అడుగున రబ్బరున్న స్ప్లింటు అక్కడ చేయించడం అసాధ్యమేమీ కాదు. అది చెప్పు కాదని, కాలిలో భాగమని ద్వారం దగ్గరి సిబ్బందికి చెప్పి ఉంచడమే కావలసింది.

వైకల్య ధ్రువపత్రం దగ్గర మరో తంటా. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. కండరాల క్షీణత, పార్కిన్సన్స్ పేర్లున్నాయి, సీఎంటీ పేరు లేదు. ప్రయోజనాలు అందాలంటే చలన వైకల్యం కింద 40 శాతానికి చేరాలి. పొద్దున మెడికల్ బోర్డు ముందు నాలుగడుగులు బాగానే వేసిన మనిషి సాయంత్రం మెట్లు దిగలేడు. ఆ అలసటను ఒక్క పూట పరీక్షతో ఎలా కొలుస్తారు?

పేరు వద్దనుకోవడానికి పైకి చెప్పని కారణం పెళ్లి. మేనరికాల ప్రాంతం కనుక నింద అటే పోతుంది. కానీ ఎక్కువగా కనిపించే రకానికి మేనరికంతో పనిలేదు. పీఎంపీ22 జన్యువున్న భాగం రెట్టింపు కావడమే దాని మూలమని 1991లో తేలింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఇద్దరి నుంచీ లోపం రావలసిన రకాల్లోనే మేనరికం ముప్పు పెంచుతుంది. ఏ రకమో తెలుసుకోకుండా కోడలి పుట్టింటిని ఆడిపోసుకునే ఇళ్లకు ఈ లెక్క ఎవరైనా తీరిగ్గా, తలుపు వేసి చెప్పాలి. ఓపీలో వెనక ఇరవై మంది వింటుండగా చెప్పే మాట కాదిది.