వెయ్యికి ముగ్గురు బావగార్లు

గోదావరి డెల్టాలో రాకపోకలు తెగిపోవడానికి గట్టు తగాదాల తర్వాత చెప్పుకోదగ్గ కారణం పిలుపు. పిలవలేదని ఒకరు అలుగుతారు. పిలిచారు గాని ఫోనులో పిలిచారని మరొకరు, ఇంటికి వచ్చి పిలిచారు గాని బొట్టు పెట్టలేదని ఇంకొకరు. ఎవరిని పిలవాలో, అంతకంటే ముఖ్యంగా ఎవరిని పిలవకూడదో తరతరాలుగా ఇంటి పెద్దలు తేల్చేవారు. పిలవకపోవడం వెనక ఒక కారణమో, కనీసం అర ఎకరం పొలమో ఉండేది. ఇప్పుడా అధికారం అక్కర్లేని ఈమెయిళ్లను ఏరి పక్కన పడేసే స్పామ్ ఫిల్టర్ చేతికి పోయింది. అమలాపురంలో బయలుదేరిన ఆహ్వానం అట్లాంటాలోని మేనల్లుడి ఇన్‌బాక్స్‌లోకి వెళ్లాలా, లాటరీ తగిలిందని చెప్పే ఉత్తరాల సరసన కూర్చోవాలా అన్నది అదే తేలుస్తుంది. ఇంటిపేరైనా అడగదు. సంక్రాంతికి రమ్మన్న ఉత్తరం స్పామ్ పెట్టెలో పడితే 30 రోజుల తర్వాత జీమెయిల్ దాన్ని చెరిపేస్తుంది. దానివల్ల పుట్టిన అలకకు మాత్రం గడువు లేదు.

అందరూ ఫిల్టర్‌ను తిడుతున్నారు. తప్పు ఫిల్టర్‌ది కాదు, మన మర్యాదది. ఈ మాట డెల్టా నడిబొడ్డున అనడం ఎంత సాహసమో తెలిసే అంటున్నాను.

ప్రతి పూర్వ విద్యార్థుల సంఘానికీ, ప్రతి తీర్థం కమిటీకీ ఒక కార్యదర్శి ఉంటారు. చాలాచోట్ల ఆయన పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. వాట్సాప్ గ్రూపులో 1024 మందికి మించి పట్టరు, విరాళమిచ్చిన విదేశీ బంధువులకు రసీదు ఈమెయిల్లోనే కావాలి. కనుక ఆయన ఒక జాబితా తయారు చేస్తారు. విజిటింగ్ కార్డులు, పాత సావనీరు చివరి పేజీలు, పెళ్లి చదివింపుల పుస్తకం ఆ జాబితాకు ఆధారాలు. చదివింపుల్లో పేరుందంటే ఆ మనిషి జీవితాంతం మన ఉత్తరాలు అందుకోవడానికి ఒప్పుకున్నట్లేనని ఇక్కడి న్యాయశాస్త్రం.

బయటి ప్రపంచంలో మెయిలింగ్ లిస్టులు నడిపేవారు ఇంకో పద్ధతి పాటిస్తారు. చిరునామా చేతికి రాగానే దానికి ముందు ఒక్క ఉత్తరం పంపి, చేరాలని ఉంటే ఫలానా లింకు నొక్కండి అంటారు. నొక్కితేనే పేరు ఎక్కుతుంది. చిరునామా నిజమైనదేనని తేలుతుంది, రేపు ‘నన్నెవరు చేర్చారు’ అనే గొడవ ఉండదు. మన కార్యదర్శి దృష్టిలో ఇది ఘోర అపచారం. ‘మావగారిని సంఘంలోకి ఆహ్వానిస్తూ, తమకిష్టమేనా అని రాతపూర్వకంగా అడగమంటారా?’ అంటారాయన. అడగరు. చేర్చేస్తారు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి ఉత్తరం అడుగునా అన్‌సబ్‌స్క్రైబ్ అని సన్నని అక్షరాల్లో ఒక లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే ఉత్తరాలు ఆగిపోతాయి. కానీ నొక్కినవారి పేరు కార్యదర్శిగారికి తెలుస్తుంది. ఆయన అమ్మగారివైపు వేలువిడిచిన మేనమామ. రేపు మండపేటలో గృహప్రవేశానికి ఎదురుపడి ‘ఏం నాయనా, మా ఉత్తరాలు బరువైపోయాయా?’ అని నలుగురిలో అంటారు. కనుక డెల్టావాసి ఆ లింకు జోలికి పోడు. పైన ఉన్న ‘స్పామ్’ మీట నొక్కుతాడు. ఎవరు నొక్కారో పంపినవారికి జీమెయిల్ చెప్పదు. మొహమాటస్తుడికి ఇంతకంటే గొప్ప సదుపాయం ఏ ప్రభుత్వమూ కల్పించలేదు. ఎదుట ‘భలే రాశారండీ, తప్పకుండా వస్తాం’ అనవచ్చు, వెనక మీట నొక్కవచ్చు. రెండూ ఒకే బొటనవేలితో.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం ఈ స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. లెక్కల మాస్టారికి ఇది చెప్పనక్కర్లేదు: వెయ్యి మందికి ముగ్గురు. డెల్టాలో ఏ వెయ్యి మందిని పోగేసినా వారిలో అలిగిన బావగార్లు ముగ్గురికి తగ్గరు. నిజానికి 0.1 శాతం లోపే ఉంచుకోమని గూగుల్ సలహా. అంటే ఒక్క బావగారికి కూడా చోటు లేదు. ఆయన పందిట్లో అలిగితే బతిమాలి భోజనానికి కూర్చోబెట్టవచ్చు. ఇక్కడ అలిగినది ఎవరో తెలియదు. ముగ్గురూ కలిసి సంఘం డొమైన్ (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) పరువు తీస్తారు, ఆ తర్వాత ఆ సంఘం ఏం రాసినా అలక లేని మిగతా 997 మందికీ అది స్పామ్‌లోనే దొరుకుతుంది.

పేరు తీయడం మర్యాద కాదన్న సూత్రం పోయినవారికి కూడా వర్తిస్తుంది. కార్యదర్శిగారి జాబితాలో దేశంలో ఇంటర్నెట్ మొదలైన వీఎస్ఎన్ఎల్ కాలం నాటి చిరునామాలున్నాయి, రెడిఫ్‌మెయిల్ చిరునామాలున్నాయి, నెట్ సెంటర్ కుర్రాడు సృష్టించి పాస్‌వర్డు తానే ఉంచుకున్నవి ఉన్నాయి. సంఘ వ్యవస్థాపక అధ్యక్షులు కీర్తిశేషులై చాలా కాలమైంది. వారి చిరునామా మాత్రం వరుసలో మొదటిదే. తీసేయమని చెప్పి చూడండి! ‘వారి పేరు కొట్టేసే చేతులు నావి కావు’ అంటారు. భావన గొప్పదే. అయితే రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది. అక్కడికి వెళ్లిన ఉత్తరం బౌన్సై తిరిగి వస్తుంది. అలా తిరిగివచ్చేవి ఎక్కువైతే, ఈ పంపేవాడికి తన మనుషులెవరో తనకే తెలియదని ఉత్తరాలు అందుకునే సర్వర్లు తీర్మానిస్తాయి. ఇంకా చెడ్డ సంగతి ఉంది. ఏళ్ల తరబడి చచ్చిపడి ఉన్న కొన్ని చిరునామాలను స్పామ్‌ను వేటాడేవారు మళ్లీ బతికించి, వలగా వాడతారు. దానికి రాసినవాడు జాబితా శుభ్రం చేసుకోనివాడని రుజువవుతుంది. వ్యవస్థాపక అధ్యక్షులు బతికున్నప్పుడు ఎవరినీ పట్టివ్వలేదు పాపం.

ఇదంతా మన ప్రత్యేకత అనుకుని గర్వపడనక్కర్లేదు. 1978 మేలో అమెరికాలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన గ్యారీ థ్యూర్క్ కొత్త కంప్యూటర్లను చూడటానికి రమ్మని ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. మొట్టమొదటి స్పామ్ అదేనంటారు. పశ్చిమ తీరంలో ఒక్కరిని పిలిచి ఒక్కరిని వదిలేస్తే బాగుండదని అందరినీ పిలిచాడు. చిరునామాల గడిలో పట్టక పేర్లు ఉత్తరం లోపలికి పొర్లిపోయాయి. ఇంటిపేరు వేరైనా మనవాడే.

ఇక ఉత్తరం రూపం సంగతి. భీమవరంలోనో పాలకొల్లులోనో డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన ఆహ్వానాన్ని ఈమెయిల్లో అతికిస్తే తెలుగు మాయమై అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు మిగులుతాయి. అది ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్ కాదు. అందుకని కార్యదర్శిగారు పత్రిక మొత్తాన్ని ఒకే పెద్ద బొమ్మగా మార్చి పంపుతారు. పైన ‘ముఖ్య గమనిక!!!’ అని విషయం, కింద ఒక్క అక్షరం లేని ఖాళీ. మందులు అమ్మేవారు, షేర్ల మోసగాళ్లు ఒకప్పుడు తమ మాటలు ఫిల్టర్ కంట పడకుండా ఇలాగే బొమ్మలో దాచేవారు. ఫిల్టర్ ఆ పాత పరిచయాన్ని మరిచిపోలేదు.

దీనికి తోడు కార్యదర్శిగారికి ఓపిక లేదు. కొత్త డొమైన్ కొన్న సాయంత్రమే రెండు వేల ఉత్తరాలు వదులుతారు. సర్వర్లకు ముఖపరిచయం లేని డొమైన్ మొదట కొద్దిమందికి రాసి, వారాల మీద పెంచుకుంటూ పోవాలి. ఇది డెల్టావాళ్లకు ఒకరు నేర్పాలా? 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట చలవతో బతికే ఈ డెల్టాలో జూన్‌లో కాలువలకు నీళ్లు కొద్దికొద్దిగానే వదులుతారు, గట్లకు గండ్లు పడకుండా. ఆ నీళ్లతో బతికిన తాతల మనవలు ఈమెయిలు దగ్గరికి వచ్చేసరికి బ్యారేజీ 175 గేట్లూ ఒక్కసారిగా ఎత్తేస్తారు. అవి ఎత్తితే నీళ్లు పోయేది పొలానికి కాదు, సముద్రానికి.

ఉత్తరం నిజంగా ఎవరిదన్న విచారణ కూడా ఉంటుంది. ఎస్‌పీఎఫ్ అంటే ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు ఉత్తరాలు పంపవచ్చో డొమైన్ల చిరునామాల పుస్తకమైన డీఎన్ఎస్‌లో బహిరంగంగా రాసిపెట్టడం. డీకిమ్ అంటే ఉత్తరం మీద వేసే సంతకం, సంతకం పడ్డ భాగంలో దారిలో మార్పు జరిగితే చెల్లదు. ఈ రెండింటిలో ఏదీ నెగ్గకపోతే ఊరుకోవాలా, స్పామ్‌లో వేయాలా, తిప్పికొట్టాలా అన్నది చెప్పేది డీమార్క్. పాపం, మెయిలింగ్ లిస్టు చేసే పనే ఉత్తరాన్ని మార్చడం. విషయం ముందు సంఘం పేరు తగిలిస్తుంది, అడుగున కార్యవర్గాన్ని వరుసగా నిలబెడుతుంది, తన సర్వరు నుంచి అందరికీ పంచుతుంది. దాంతో సంతకమూ చెల్లదు, పంపిన సర్వరూ రాసిపెట్టిన వాటిలో ఉండదు. 2014 ఏప్రిల్లో యాహూ ‘తిప్పికొట్టండి’ అన్న పక్షం తీసుకుంది. యాహూ సభ్యుడొకడు లిస్టుకు రాస్తే, ఆ ఉత్తరం జీమెయిల్ సభ్యుల గడప దగ్గర తిరస్కారం పొంది వెనక్కి వచ్చేది. లిస్టు నడిపే ప్రోగ్రాము దాన్ని చూసి జీమెయిల్ సభ్యుల చిరునామాలే చెడిపోయాయనుకుని వారి పేర్లు నిలిపేసేది. రాసినవాడు క్షేమంగా ఉన్నాడు, అందుకోవలసినవాడు సభ్యత్వం పోగొట్టుకున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం యంత్రాలకు కూడా అబ్బిందన్నమాట. తర్వాత లిస్టులు తమ చిరునామాతోనే పంపి, ‘ఫలానావారు, సంఘం ద్వారా’ అని రాయడం నేర్చుకున్నాయి. సాంకేతికంగా చక్కని ఉపాయం. మన అధ్యక్షులు ఒప్పుకోవాలి కదా! వారు ఎవరి ద్వారానో రాసేవారు కారు.

అందరి చిరునామాలూ ఒకరివి ఒకరికి కనబడని బీసీసీ గడిలో కాక బయటపెట్టి రాస్తే ఏమవుతుందో మనకు తెలిసిందే, ఒకరు ‘శుభాకాంక్షలు’ అంటారు, మిగిలినవారంతా ఆయనకు అందరి ఎదుటా బదులిస్తారు. 2016 నవంబరులో ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవ సిబ్బందిలో 8 లక్షల మందికి పైగా ఒక పరీక్ష ఉత్తరం వెళ్లింది. ‘నన్ను తీసేయండి’ అని జనం అందరికీ కలిపి జవాబు రాసి వ్యవస్థను ముంచారు. మనవాళ్లయితే తీసేయమనరు. ‘బాగున్నారా’ అని అడుగుతారు. ముంచడంలో తేడా ఉండదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. పెద్ద ఎత్తున పంపేవారికి కొత్త నిబంధనలు కోరినట్లే, ఒక్క నొక్కుతో పేరు తీసేసే సదుపాయం చిన్న సంఘాలు కూడా పెట్టాలి, రెండు రోజుల్లో తీసేయాలి. కారణం అడగకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా, ఎందరు వెళ్లిపోయారో కార్యదర్శిగారికి చెప్పవచ్చు గాని, ఎవరు వెళ్లిపోయారో చెప్పకూడదు. పేర్లు తెలిశాయంటే ఆయన ఆ సాయంత్రమే స్కూటరు తీసి వాళ్ల ఇళ్లకు బయలుదేరుతారు. వాళ్లు కాఫీ ఇస్తారు, ‘అయ్యయ్యో, పిల్లలు పొరపాటున నొక్కారండీ, మళ్లీ చేర్చండి’ అంటారు, వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపుతారు. స్కూటరు మలుపు తిరగగానే ఫోను తీసి, మామూలు మీట నొక్కుతారు.