లక్షన్నర బండి, రెండు కర్ణాలు

చెన్నైలో సముద్రం పక్కనున్న ఇంటికి ధర పెరుగుతుంది. సముద్రం పక్కనున్న బండికి ధర తగ్గుతుంది. మొదటి సంగతి మా బావమరిదికి బాగా తెలుసు కనుకనే అతడు వేళచ్చేరిలో అద్దెకుంటున్నాడు. రెండోది తెలియదు కనుక, నీలాంకరైలో అలల చప్పుడు వినబడేంత దగ్గరగా, ఒక బంగళా ఆవరణలో కొబ్బరిచెట్టు కింద ఏళ్ల తరబడి నిలబడి ఉన్న 2009 నాటి మారుతి జిప్సీని లక్షన్నర రూపాయలకు బేరమాడి తెచ్చుకున్నాడు. ఇదే బండి ఇంకోచోట మూడు లక్షలకు తక్కువ పలకదని ఇంటిల్లిపాదికీ చెప్పి మురిసిపోయాడు. మరి ఆ బంగళా యజమాని సగానికే ఎందుకిచ్చాడని మా అత్తగారు అడిగారు గాని, ఆవిడకు బండ్ల గురించి ఏమీ తెలియదన్న కారణం చేత ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

జిప్సీ మీద మోజు పడటంలో వింతేమీ లేదు. 1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చి, 1996లో 1300 సీసీ ఇంజిన్ తొడుక్కున్న ఈ బండిని మన సైన్యం వేల సంఖ్యలో వాడింది. పోలీసులు, అటవీశాఖ వారు, ర్యాలీల్లో పరుగెత్తేవారు కూడా దీన్నే ముచ్చటపడి పెంచుకున్నారు. సుమారు టన్ను బరువు, ముందూ వెనకా కమాన్ కట్టలు, ఒక లివరు లాగితే నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు ఉండటం వల్ల ఇది కొండదారిలో మేకలా ఎక్కుతుంది. మా బావమరిదికి మాత్రం రోజూ దాటవలసిన కొండలు లేవు. అతడి ఆఫీసు షోళింగనల్లూరులో ఉంది. ఆ దారిలో ఎదురయ్యే అత్యంత దుర్గమమైన ప్రదేశం మెట్రో పనుల కోసం రోడ్డు మధ్యన కట్టిన రేకుల గోడ. అయినా నాగలాపురం జలపాతాలు, ఏలగిరి, కొల్లి కొండలు అంటూ ఒక జాబితా రాసి ఫ్రిజ్ మీద అతికించాడు.

కొన్న వారంలోనే బండికి నగలు చేయించాడు. బురదలో దిగబడితే తాడుతో బయటికి లాగే వించి వచ్చింది, గళ్ల టైర్లు వచ్చాయి, కప్పు మీద లైట్ల వరస వచ్చింది, చివరికి ఇంజిన్ నీళ్లలో కూడా ఊపిరి పీల్చుకోవడానికి అద్దం పక్కనుంచి పైకి లేచే స్నార్కెల్ గొట్టం కూడా వచ్చింది. తక్కిన వాటి మాట ఎలా ఉన్నా, 2015 డిసెంబరు వరదలను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తెచ్చిన నీళ్లను చూసినవారెవరూ, వాన హెచ్చరిక వినగానే కార్లన్నీ తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద వరసగా నిలిపివచ్చే వేళచ్చేరిలో స్నార్కెల్‌ను విలాసం అనలేరు. ఈ అలంకారాలకు యాభై అయిదు వేలు ఖర్చయింది. పైగా బండికి పదిహేనేళ్లు నిండాయి కనుక రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి అందుకు కారుకు రుసుమే అయిదు వేలు, గ్రీన్ టాక్సు వేరే.

లోపం మొదట తలుపు ద్వారా తెలిసింది. అపార్టుమెంటు వాలు ఏటవాలుగా ఎక్కించి, ముందు ఎడమ చక్రం మాత్రం పైన ఉండగా ఆపితే ఎడమ తలుపు బిగుసుకుపోయి ఎంత లాగినా వచ్చేది కాదు. నాలుగు చక్రాలూ సమంగా నేల మీదకు వచ్చాక ఎవరూ ముట్టుకోకుండానే తెరుచుకునేది. దీన్ని అతడు చాలా రోజులు భద్రతా సదుపాయంగా భావించాడు. తర్వాత ఒకనాడు స్కూటరు మీద వెనకాలే వచ్చిన అతడి స్నేహితుడు, బండి ముందుకు వెళ్తోందో పక్కకు వెళ్తోందో తనకు అంతుపట్టలేదనీ, వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో కాకుండా తమ దారిన తాము నడుస్తున్నాయనీ చెప్పాడు. దాంతో నన్నూ, మా మామగారినీ వెంటబెట్టుకుని పుదుపేటకు బయలుదేరాడు.

ఎగ్మోరు పక్కన కూవం ఒడ్డున ఉన్న పుదుపేటను చూడనివారికి వర్ణించి చెప్పడం కష్టం. ఈ నగరంలో ప్రాణం విడిచిన ప్రతి వాహనమూ అక్కడ అవయవాలుగా విడిపోయి కొత్త జన్మల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక దుకాణంలో తలుపులే ఉంటాయి, ఇంకో దుకాణంలో గేరుబాక్సులే ఉంటాయి, మరో దుకాణంలో అద్దాలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే అడుగు చట్రం, పనిలో పేరున్న మేస్త్రి మన తెలుగువాడే. ఆయనది తిరుత్తణి వైపు. 1960లో సరిహద్దులు సవరించినప్పుడు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిన ప్రాంతం కనుక ఆయన తెలుగులో తమిళం ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ముగుస్తుందో మనకు తెలియదు గాని, చెప్పేది మాత్రం సూటిగా ఉంటుంది. ఆయన ఇంజిన్ చూడలేదు, వించి చూడలేదు, స్నార్కెల్ వైపు కన్నెత్తలేదు. నేల మీద అట్టముక్క పరిచి, దాని మీద పడుకుని బండి కిందకు జారిపోయాడు.

బండి ధర గురించి జనం నిలబడి మాట్లాడుకుంటారు, చాసిస్ గురించి తెలుసుకోవాలంటే పడుకోవాలి. కొనేటప్పుడు ఇస్త్రీ చొక్కాలో వెళ్లే అలవాటు వల్లనే ఇన్ని అనర్థాలు జరుగుతున్నాయని నా అభిప్రాయం.

కింద నుంచి ముందు వినిపించింది సుత్తి చప్పుడు. చాసిస్ పొడుగునా కొడుతూ పోతుంటే కొంతదూరం ఠంగుమని గంట మోగినట్టు మోగింది, వెనక కమాన్ కట్టను పట్టుకునే షాకిల్ దగ్గరకు వచ్చేసరికి తడి అట్టపెట్టెను తట్టినట్టు డబ్బుమంది. అక్కడ కొత్తగా నల్లటి తారు పూత మెరుస్తోంది. పాత బండికి అడుగున కొత్త రంగు వేశారంటే ఎవరి కంటి నుంచో దేన్నో దాచారని అర్థమట. మేస్త్రి మాటల్లో చెప్పాలంటే, పెళ్లిచూపులకు ముఖానికి పౌడరు రాసుకున్నా ఫరవాలేదు గాని అరికాళ్లకు రాసుకుంటే అనుమానించాలి. ఆయన స్క్రూడ్రైవరు మొన ఆనించి, పెద్ద బలమేమీ ఉపయోగించకుండానే నెట్టాడు. అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగేసరికి ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా రాలింది, వెనకాలే గుప్పెడు ఇసుక జారింది, ఆ ఇసుకలో నుంచి చిటికెన వేలి గోరంత గవ్వ ఒకటి దొర్లి మా మామగారి చెప్పు దగ్గర ఆగింది.

దీనికి బండిని చేసినవారిని తప్పుపట్టి లాభం లేదు. జిప్సీ చాసిస్ పెట్టె ఆకారంలో మూసిన గొట్టాలతో చేసిన నిచ్చెన వంటిది. దాని బలం దానిదే. ఆ బంగళా యజమాని సెలవుల్లో పిల్లలను ఎక్కించుకుని అలల అంచున తిప్పడం వల్ల ఉప్పునీరూ ఇసుకా రంధ్రాల గుండా లోపలికి చేరి, నీరు కారిపోవలసిన దారులను మూసేశాయి. ఉప్పు గాలిలోని తేమను లాగి ఇనుమును ఎప్పుడూ చెమ్మగానే ఉంచుతుంది కనుక, పైన రంగు నిగనిగలాడుతుండగానే లోపలి నుంచి తినేస్తూ వచ్చింది. పైన పటారం, లోన లొటారం అన్నమాటకు ఇంతకంటే బరువైన ఉదాహరణ, అక్షరాలా టన్ను బరువైనది, నేను చూడలేదు.

చాసిస్ వంగిందా లేదా అన్నది తేల్చడానికి మేస్త్రి చేసిన పరీక్ష మా మామగారి జీవితంలో ఒక పండుగ. ఆయన నెల్లూరులో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మేస్త్రి చాసిస్ మీద ఎడమవైపు రెండు, కుడివైపు రెండు గుర్తులు ఎంచుకుని, ఒక్కొక్క గుర్తు నుంచి గోడ కట్టేవాళ్లు వాడే తూకంగుండు వేలాడదీసి, అది చూపించిన చోట నేల మీద సుద్దముక్కతో చుక్క పెట్టించాడు. బండిని తోసేశాక నేల మీద నాలుగు చుక్కలు మిగిలాయి. ఎదురెదురు మూలలను కలుపుతూ టేపు పట్టి కొలిస్తే రెండు కొలతలూ సమానంగా రావాలన్నాడు.

“దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానం!” అని మామగారు పుదుపేట దద్దరిల్లేట్టు అన్నారు.

“ముందువైపు చాసిస్ కాస్త ఇరుకుగా ఉంటుంది సార్, దీర్ఘచతురస్రం కాదు” అన్నాడు మేస్త్రి.

“అయితే సమద్విబాహు సమలంబ చతుర్భుజం. దానిలోనూ కర్ణాలు సమానమే” అని చెప్పి, ఆయన పంచె పైకి కట్టుకుని టేపు రెండో కొస పట్టుకున్నారు. తన సర్వీసు మొత్తంలో ఈ సిద్ధాంతం దేనికి పనికొస్తుందని అడిగిన ప్రతి విద్యార్థినీ ఆ క్షణాన అక్కడికి పిలిపించాలని ఆయనకు అనిపించి ఉంటుంది. తేడా 22 మిల్లీమీటర్లు వచ్చింది. కొడుకు ముఖం పాలిపోయింది, తండ్రి ముఖం వెలిగిపోయింది. లెక్క సరిచూడటానికి మరొకసారి కొలుద్దామని కూడా ఆయనే అన్నారు.

అంటే వ్యాధి ఒకటి కాదు, రెండు. తుప్పు ఒకటి, ఎప్పుడో తగిలిన దెబ్బకు వచ్చిన వంకర ఒకటి. అతుకు వేయవచ్చు గదా అని మా బావమరిది అడిగాడు. మంచి ఇనుము మీద అతుకు నిలుస్తుందనీ, తుప్పు మీద వెల్డింగు పెడితే ఆ వేడికి పక్కనున్న పలచని రేకు కూడా కరిగి రంధ్రం పెద్దదవుతుందనీ మేస్త్రి చెప్పాడు. ప్లేటును చాసిస్‌కు అడ్డంగా తిన్నగా కోసి అతికితే ఆ గీత వెంటే విరుగుతుంది కనుక కొసలు ఏటవాలుగా కోసి అతకాలట. అంత చేసినా అది తుప్పుకు మందేగాని వంకరకు కాదు. దానికి అరవై వేలు అడిగాడు, హామీ మాత్రం ఇవ్వనన్నాడు.

రెండో మార్గం పాత చాసిస్ ఒకటి వెతికి మార్చడం. దానికి బాడీ పైకెత్తాలి. ఎత్తాలంటే పట్టుకున్న బోల్టులు విప్పాలి. అవి తుప్పుతో కరుచుకుపోయాయి కనుక విప్పరు, కోస్తారు. కోసే దారిలో బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు ఉన్నాయి. అవీ చేయి తగిలితే విరిగే స్థితిలోనే ఉన్నాయి. పెట్రోలు ట్యాంకు దింపాలి, వైరింగు విడదీయాలి, బాడీ ఎత్తాక దాని అడుగు ఎలా ఉందో అప్పుడు చూడాలి. టీకొట్టు వాడి క్యాలెండరు కాగితం వెనకాల మేస్త్రి రాసుకుంటూ పోగా లెక్క లక్షా నలభై వేలకు చేరి, కాగితం అయిపోవడం వల్ల ఆగింది. చారాణా కోడికి బారాణా మసాలా అంటారు గాని, ఇక్కడ కోడీ మసాలా ఒకే ధరకు వచ్చాయి.

ఆపైన నంబరు తకరారు ఉంది. బండికి పేరూ ఊరూ చాసిస్ మీద చెక్కిన నంబరే. వేరే చాసిస్ వేస్తే రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక నంబరు, ఇనుము మీద ఇంకో నంబరు ఉంటాయి. ఆర్టీవో అనుమతి, కొన్న రసీదులు లేకుండా అలా తిరిగితే దొంగబండి కింద లెక్క. పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టే మహానుభావులు ఎక్కడైనా ఉంటారేమోనని బావమరిది నసిగేసరికి, మేస్త్రి సుత్తి కింద పెట్టి, ఆ పని అడిగేవాళ్లు తన షెడ్డు గడప దాటనక్కర్లేదని చెప్పాడు. ఆయన మీద నాకు అప్పుడే పూర్తి గౌరవం కలిగింది.

ఇంటికి వచ్చాక నా వృత్తి అకౌంట్లు కనుక నన్ను తీర్పు చెప్పమన్నారు. ఇన్సూరెన్సు కంపెనీలు ప్రమాదం జరిగిన బండికి ఒక నియమం పాటిస్తాయి: మరమ్మతు ఖర్చు బండికి కట్టిన విలువలో 75 శాతం దాటితే దాన్ని బాగుచేయరు, పూర్తి నష్టం కింద రాసేస్తారు. లక్షన్నరలో 75 శాతం లక్షా పన్నెండు వేల అయిదు వందలు. మేస్త్రి కాగితం దాన్ని దాటేసింది. (తుప్పుకు ఏ పాలసీ కూడా పైసా ఇవ్వదన్నది వేరే సంగతి.) ఈ మాట చెప్పగానే బావమరిది అసలు వాదన బయటపెట్టాడు.

“ఇప్పటికే రెండు లక్షలు పెట్టాను బావా, ఇప్పుడు వదిలేస్తే అదంతా పోయినట్టే గదా!”

“అది ఇప్పటికే పోయింది. ఇప్పుడు తేలవలసింది మిగతా లక్షా నలభై వేల సంగతి” అన్నాను. అతడు మా ఆవిడ వైపు చూశాడు. తమ్ముడి కోసం ఆవిడ ఎప్పుడైనా నన్ను ఎదిరిస్తుంది గాని, ఆ సాయంత్రం చీర కొంగు తలుపులో ఇరుక్కుని చిరిగి ఉండటం వల్ల న్యాయం వైపు నిలబడింది.

బండి చివరికి పుదుపేటకే వెళ్లింది. ఇంజిన్, గేరుబాక్సు, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు యాక్సిళ్లు, గళ్ల టైర్లు అన్నీ కలిపి మేస్త్రి లక్షా పదివేలు ఇచ్చాడు. విడివిడిగా ఉన్నప్పుడు వాటిలో ఒక్కదానికీ వంకపెట్టడానికి లేదు. వించి ఆఫీసులో ఎవరో కొనుక్కున్నారు. అయితే విప్పడానికి ముందే రిజిస్ట్రేషన్ రద్దుకు రాసి రావాలని మేస్త్రి పట్టుబట్టాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 55వ సెక్షను చదివి, పనికిరాని బండి సంగతి 14 రోజుల్లోగా తెలియజేయాలని కనిపెట్టింది కూడా మా మామగారే. స్నార్కెల్‌ను మాత్రం మేస్త్రి తీసుకోలేదు. దానికి అక్టోబరు దాకా గిరాకీ ఉండదన్నాడు.

మామగారు చెన్నైలోనే ఉన్న ప్యారీస్ కార్నర్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి సొంతంగా ఇత్తడి తూకంగుండు కొనుక్కున్నారు. అపార్టుమెంటు పార్కింగులో ఎదురింటివారి కొత్త కారుకు కర్ణాల్లో 4 మిల్లీమీటర్ల తేడా ఉందని ఆయన ప్రకటించడంతో, నేల వాలుగా ఉండటం వల్ల అలా వచ్చిందని నేను వాళ్లింటికి వెళ్లి సర్దిచెప్పి రావలసి వచ్చింది. ఈలోగా బావమరిది కోయంబత్తూరులో ఇంకో జిప్సీ ఉందనీ, అది పుట్టి బుద్ధెరిగి సముద్రం ముఖం చూడలేదనీ, ధర కూడా చవకేననీ ఫొటోలు పంపాడు. తండ్రి తిట్టిపోస్తారని నేను ఎదురుచూశాను. ఆయన తూకంగుండును రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని, కోవై ఎక్స్‌ప్రెస్‌లో మూడు టికెట్లు తీయించారు. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి గదా అని నాకు కబురు పంపారు.